దొంగను ఊహించనివ్వండి, అక్షరాన్ని కాదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బెంగళూరు మారతహళ్లిలో ఉంటారు, బాబు రెండో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, రెండో భాష కన్నడ. కథ చెబితే చెవులప్పగించి వింటాడు, చదవమంటే మాత్రం మంచినీళ్లు కావాలంటాడు, బాత్రూమ్‌కి వెళ్లాలంటాడు. డిటెక్టివ్ కార్టూన్లంటే ప్రాణం. మిస్టరీ బొమ్మల పుస్తకాలు ఇస్తే చదవడం అలవాటవుతుందని ఎవరో చెప్పారు. కానీ బొమ్మలు చూసే కథ లాగించేసి అసలు చదవడంలో ఇంకా వెనకబడతాడేమోనని మీ టెన్షన్. పైగా ఐదో తరగతి చదివే అక్క ముందే పుస్తకం తిరగేసి దొంగ ఎవరో చెప్పేస్తోంది.

చిన్నపిల్లలకు చదవడం నేర్పే పనిలో బెంగళూరులోనే చాలా ఏళ్లుగా ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగు ఇళ్ల పిల్లలే ఎక్కువ. మీ భయంలో సగం నిజముంది. ముందు ఆ సగం గురించి చెబుతాను, ఈ పుస్తకాలను మెచ్చుకునేవాళ్లు సాధారణంగా దాని జోలికి వెళ్లరు.

కెనడాలో ఇద్దరు పరిశోధకులు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంకా చదవడం రాని పిల్లలకు బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తూ, ఆ సమయంలో వాళ్ల కళ్లు పేజీలో ఎక్కడ తిరుగుతున్నాయో యంత్రంతో పట్టుకున్నారు. దాదాపు అంతసేపూ బొమ్మల మీదే. అక్షరాల మీద చూపు నిలిచిందే చాలా తక్కువ. కాబట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుని రోజూ పుస్తకం చదివి వినిపిస్తే అక్షరాలు వాటంతటవే వచ్చేస్తాయని అనుకోవద్దు. వినిపించడం వల్ల మాటలు పెరుగుతాయి, కథ నడక తెలుస్తుంది. అక్షరం పని వేరు.

1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు దీన్ని ఒక లెక్కలా చెప్పారు. చదివింది అర్థం కావాలంటే రెండు కావాలి: అక్షరాలను కూడబలుక్కుని మాటగా పలకగలగడం, ఆ మాటలు చెవిన పడితే అర్థం చేసుకోగలగడం. ఈ రెండింటినీ కూడితే చాలదు, గుణించాలి. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నాయే. మీరు రాసినదాన్ని బట్టి మీ వాడికి రెండోది పుష్కలంగా ఉంది, కథ వింటే అర్థమవుతుంది, పాత్రల బుద్ధులు తెలుస్తాయి. తగ్గింది మొదటిది. మిస్టరీ పుస్తకం దానంతటది పెంచేది మాత్రం రెండోదాన్నే. మొదటిదానికి కూడా అది పనికొచ్చేలా చూడటం మన చేతుల్లో ఉంది.

అందుకు నేను పెట్టుకున్న నియమం ఒకటే. దొంగ ఎవరో ఎంతైనా ఊహించనివ్వండి, పేజీలో రాసి ఉన్న మాటను మాత్రం ఊహించనివ్వకండి.

పిల్లలు 'గొడుగు' అని ఉన్నచోట బొమ్మ చూసి 'వాన' అనేస్తారు. మనం కూడా కథ సాగిపోతోంది కదా అని వదిలేస్తాం. కొందరు టీచర్లైతే తెలియని మాట వస్తే బొమ్మ చూసి చెప్పమని ప్రోత్సహిస్తారు. ఈ పద్ధతికి ఓ చరిత్ర ఉంది. 1967లో అమెరికాలో కెన్నెత్ గుడ్‌మన్ అనే ఆయన చదవడాన్ని ఒక రకమైన ఊహల ఆటగా వర్ణించాడు, ఆ ఆలోచన దేశదేశాల బడుల్లోకి పాకింది. తర్వాతి పరిశోధనల్లో తేలింది దానికి సరిగ్గా వ్యతిరేకం. బాగా చదివేవాళ్లు అక్షరాలన్నీ చూస్తారు, సందర్భాన్ని బట్టి ఊహించి నెట్టుకొచ్చేది తడబడే పిల్లలే. మిస్టరీ బొమ్మల పుస్తకంలో బొమ్మ ఎంత గొప్పగా ఉంటే ఈ ప్రమాదం అంత ఎక్కువ. వాడు తప్పుగా ఊహించిన మాట దగ్గర ఆగండి, కసరకండి, "ఇక్కడ ఏ అక్షరం ఉంది?" అని వేలు పెట్టి అడగండి, అంతే. కథ గురించి ఒక్క మాట మాట్లాడొద్దు ఆ క్షణంలో.

ఇక పుస్తకం ఎంచుకోవడం. షాపులోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ముందు బొమ్మలు చేత్తో మూసి మాటలు మాత్రమే చదవండి. దొంగ ఎవరో తెలిసిపోయిందా? తర్వాత మాటలు వదిలేసి బొమ్మలు మాత్రమే చూడండి. తెలిసిపోయిందా? రెండు సందర్భాల్లోనూ తెలియక, రెండూ కలిపితేనే ముడి విడితే ఆ పుస్తకం కొనండి. బొమ్మలతోనే తేలిపోయేదైతే మీ వాడు ఒక్క అక్షరం చదవకుండా ముగించేస్తాడు, మీరు భయపడినట్టే. జనం గుంపులో ఒక మనిషిని వెతికి పట్టుకునే పుస్తకాలు చాలా మంది ఇదే కోవలో వేసి కొంటారు. కంటికి మంచి పనే, ప్రయాణాల్లో గోల తగ్గుతుంది, కానీ చదవడానికీ దానికీ సంబంధం లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మాట ఒకటి చెప్పి బొమ్మ ఇంకోటి చూపే పుస్తకాలు. ఉదాహరణకు ఇలా అనుకోండి. అమ్మమ్మ పంపిన సున్నుండల డబ్బా ఖాళీ అయింది. అన్నయ్య అంటున్నాడు, "రాత్రి వాన పడుతున్నంతసేపూ నేను గదిలోనే ఉన్నాను." బొమ్మలో గుమ్మం దగ్గర వాడి చెప్పులు తడిసి ఉన్నాయి. తడి చెప్పులు చూస్తే చాలదు, అన్నయ్య ఏమన్నాడో చదివితేనే అది అబద్ధమని తెలుస్తుంది. మాట చదివితే చాలదు, బొమ్మ చూడాలి. ఇలాంటి చోట పిల్లవాడు తనంతట తానే వెనక్కి తిప్పి ఆ వాక్యం మళ్లీ చదువుతాడు. చదివింది మళ్లీ చదవడమనే అలవాటు బతిమాలితే రాదు, బెదిరిస్తే అసలు రాదు. అనుమానం వస్తే వస్తుంది.

బడి పుస్తకాల్లో పాఠం చివర ప్రశ్నలుంటాయి చూడండి: రాముడు ఎక్కడికి వెళ్లాడు? రాముడు బజారుకు వెళ్లాడు. ప్రశ్నలోని మాటలు పాఠంలో ఎక్కడున్నాయో వెతికి పక్క మాట దించేస్తే మార్కు వస్తుంది, బజారంటే ఏమిటో తెలియాల్సిన పని కూడా లేదు. 'అన్నయ్య అబద్ధం చెబుతున్నాడని నీకెలా తెలిసింది?' అనే ప్రశ్నకు దించి రాయడానికి ఏ వాక్యమూ దొరకదు. రెండు చోట్ల ఉన్న సంగతుల్ని కలిపి మూడోది తనే తేల్చుకోవాలి. మూడో తరగతి నుంచి సైన్సు, సోషల్ పాఠాల్లో పిల్లలు చతికిలబడేది చాలాసార్లు సరిగ్గా ఇక్కడే.

చదివే తీరు గురించి. మొదటిసారి మొత్తం వాడినే చదవమనకండి, రెండో పేజీకే మంచినీళ్లు గుర్తొస్తాయి. కథనం మీరు చదవండి, అనుమానితులు చెప్పే మాటలు మాత్రం వాడు చదవాలి. అవి చిన్న వాక్యాలు, కేసులో కీలకమైనవి, వాటిని తప్పు చదివితే కేసే తప్పుతుంది. కథలో రెండు మూడు చోట్ల ఆగండి, అంతకు మించి వద్దు. ప్రతి పేజీకీ ప్రశ్న వేస్తే అది పరీక్ష అవుతుంది. ఆగిన చోట అడగాల్సింది రెండే: ఎవరి మీద అనుమానం? ఎందుకో వేలు పెట్టి చూపించు.

వేలు పెట్టడం ముఖ్యం. బొమ్మ మీద వేలు పెడితే "సరే, మాటల్లో ఎక్కడైనా ఉందా?" అనండి. అప్పుడు ఆ చూపు అక్షరాల మీదికి దిగుతుంది, కెనడా పిల్లల చూపు దిగని చోటికి. వాడు తప్పు మనిషిని అనుమానిస్తే సరిదిద్దకండి. మీకు జవాబు తెలుసన్న సంగతి ముఖంలో కూడా కనపడకూడదు. మూడు పేజీల తర్వాత వాడే "కాదమ్మా, పిల్లి కాదు" అంటాడు. తన ఆలోచన తప్పని చదువుతూ చదువుతూ తనే గమనించడం చాలా మంది పెద్ద పిల్లలకే రాదు.

1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం అమెరికాలో చేసిన ప్రయోగం ఇలాంటిదే. తల్లిదండ్రులకు ఊరికే చదివి వినిపించకుండా, అవును-కాదులతో తేలని ప్రశ్నలు అడగడం, పిల్లల జవాబును ఇంకొంచెం పొడిగించి తిరిగి చెప్పడం నేర్పారు. ఒక నెలలోనే ఆ పిల్లల మాట తీరులో, మామూలుగా చదివి వినిపించిన ఇళ్ల పిల్లలతో పోలిస్తే, స్పష్టమైన తేడా కనిపించింది. అందులో వాడినవి మామూలు బొమ్మల పుస్తకాలే. మిస్టరీతో సుఖం ఏమిటంటే ఆ ప్రశ్నలు మనం కష్టపడి తయారు చేసుకోనక్కర్లేదు, కథే అడుగుతుంది.

చివరి పేజీ ముందే చూసేసే పిల్లలుంటారు. ఆఖరి నాలుగు పేజీలకు బట్టలారేసే క్లిప్పు ఒకటి పెట్టేయండి. చిన్న సంగతే గానీ బాగా పనిచేస్తుంది, క్లిప్పు తీసే హక్కు కోసం తగాదాలు కూడా పడతారు.

ఇప్పుడు తెలుగు సంగతి. మీరు ఇంగ్లీషు పుస్తకాల గురించే అడిగినట్టున్నారు, నేను మాత్రం తెలుగులో కూడా మొదలుపెట్టమంటాను. వాడి మాటల మూట ఉన్నది తెలుగులో. అబద్ధం, దాక్కోవడం, అనుమానం, సాక్ష్యం, ఇవన్నీ తెలుగులో చెవికి తెలిసిన మాటలే, అక్షరాలు కూడబలుక్కుంటే చాలు అర్థం దానంతటది వస్తుంది. ఇంగ్లీషులో అయితే పలికాక కూడా అర్థం వెతుక్కోవాలి.

అయితే ఓపిక కావాలి. మన అక్షరాలు ఇరవయ్యారు కాదు. గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే వందల రూపాలు. సోనాలీ నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ పిల్లలతో చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ అక్షరాల మీద పట్టు నాలుగో తరగతి దాకా పెరుగుతూనే ఉంటుందని తేలింది. తెలుగు లిపి కట్టుబడి కూడా అదే. కాబట్టి రెండో తరగతిలో ఒత్తులు తడబడుతున్నాయని కంగారు పడకండి.

బెంగళూరు పిల్లలకు ఇంకో చిక్కు, అదే ఒక వరం కూడా. బడిలో కన్నడ నేర్చుకుంటున్నాడు కాబట్టి తెలుగు అక్షరాలు చాలా వరకు చూడగానే పట్టేస్తాడు. తడబడేది కొన్నిచోట్ల. కన్నడలో తలకట్టు అడ్డగీతలా ఉంటుంది, మనది టిక్కు పెట్టినట్టు ఉంటుంది. 'క' రూపం బాగా తేడా. అన్నిటికంటే దీర్ఘాలు: కన్నడలో కీ, కే, కో రాసేటప్పుడు దీర్ఘం గుర్తు అక్షరం పక్కన విడిగా వస్తుంది, తెలుగులో అది పైనే మెలి తిరుగుతుంది. కన్నడకు అలవాటైన కన్ను పక్కన వెతికి, ఏమీ కనపడక, పొట్టిగా చదివేస్తుంది. ఇది తెలివితక్కువ కాదు, ఆ పిల్లవాడు ఒక లిపి బాగా నేర్చుకున్నాడనడానికి గుర్తు.

సరిగ్గా ఈ తప్పుల మీదే ఇంట్లో మిస్టరీలు తయారు చేయొచ్చు. కొన్న పుస్తకాల కంటే నేను వీటినే ఎక్కువ నమ్ముతాను. ఒక కాగితం మీద పెద్ద మేడ, పక్కనే మెడలో తాడున్న ఎద్దు గీయండి. బొమ్మలు వంకరగా వచ్చినా పర్లేదు. మేడ బొమ్మ కింద ఒక చాక్లెట్ దాచండి. చీటీ మీద రాయండి: "గొలుసు మేడలో ఉంది." వాడు 'మెడలో' అని చదివితే ఎద్దు దగ్గరికి వెళతాడు, అక్కడ మీరు దాచిన చాక్లెట్ ఉండదు. మళ్లీ వచ్చి చీటీ చూస్తాడు. మీరు తప్పు అని అననక్కర్లేదు. మర్నాడు "దొంగ బండిలో దాక్కున్నాడు", ఒక బడి, ఒక బండి గీయండి, సున్నా చూస్తాడా లేదా తేలిపోతుంది. "కొండ వెనక", "కుండ వెనక". ఒత్తులకు నాకిష్టమైనది "ఉంగరం గద్ద దగ్గర ఉంది", పక్కన భీముడి గద. రెండు రకాలుగా చదివినా అర్థం వచ్చే జతలే వాడాలి, అప్పుడే బొమ్మ చూసి ఊహించడం కుదరదు. తేల్చగలిగింది అక్షరమొక్కటే.

రోజుకు ఒక చీటీ చాలు. మీ ఆయన ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇల్లు చేరేలోపు, పప్పు ఉడుకుతుండగా అయిపోతుంది.

పెద్దవాళ్లు మీ ఊళ్లో ఉన్నారన్నారు. వీడియో కాల్‌లో వాడు అనుమానితుల మాటలు తాతయ్యకు చదివి వినిపించాలి, తాతయ్య దొంగను చెప్పాలి. తాతయ్యకు పేజీ సరిగా కనపడదు కాబట్టి వాడు స్పష్టంగా చదవక తప్పదు. తాతయ్య కావాలని తప్పు మనిషి పేరు చెబితే ఇంకా మంచిది, "కాదు తాతయ్యా, మళ్లీ చదువుతా విను" అంటాడు. నేను చెప్పే చిట్కాలన్నిటిలో తల్లిదండ్రులు ఎక్కువ కాలం కొనసాగించేది ఇదే.

తెలుగులో ఈ తరహా కొత్త అనుకోకండి. మద్రాసు నుంచి 1947 జులైలో మొదలైన చందమామలో బేతాళ కథలు గుర్తున్నాయి కదా. కథ మొత్తం చెప్పి, చివర ఒక ప్రశ్న అడిగి, తెలిసి కూడా జవాబు చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుందని బెదిరించేవాడు బేతాళుడు. విక్రమార్కుడు నోరు విప్పే ముందు పుస్తకం మూసి పిల్లవాడిని అడిగి చూడండి. అక్షరాల కోసం కాదు, ఆ భాష రెండో తరగతికి బరువే, మీరే చదివి వినిపించాలి. అలాగే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మర్యాద రామన్న తీర్పులు. అనుమానితులందరికీ ఒకే పొడవు కర్రలిచ్చి, దొంగ కర్ర రాత్రికి రాత్రి అంగుళం పెరుగుతుందని చెప్పే కథ ఉంది, కొందరు బీర్బల్ పేరు మీద చెబుతారు. తెల్లారేసరికి ఎవరి కర్ర అంగుళం తగ్గిందో వాడే దొంగ. ఎందుకు తగ్గిందో వాడినే వివరించమనండి.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే, తెలుగువి బెంగళూరు షాపుల్లో తక్కువే. ప్రథమ్ బుక్స్ ఇక్కడిదే, వాళ్ల స్టోరీవీవర్ 2015 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంది. కథలు నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి, చాలా కథలు తెలుగు, కన్నడ, ఇంగ్లీషు మూడింటిలోనూ దొరుకుతాయి. మీ ఇంటికి దీని ఉపయోగం ఎక్కువ. మొదటిసారి తెలుగులో చదవండి, దొంగ దొరుకుతాడు. కొన్ని రోజుల తర్వాత అదే కథ ఇంగ్లీషులోనో కన్నడలోనో. కథ తెలుసు కాబట్టి బుర్ర మొత్తం అక్షరాల మీద పెట్టొచ్చు, పైగా రచయిత ఆనవాళ్లు ముందే ఎక్కడెక్కడ దాచాడో రెండోసారే కనపడుతుంది. అన్నీ మిస్టరీలు కావు, మీరు వెతికి తీయాలి. ఫోన్‌లో కాకుండా వీలైతే ప్రింట్ తీయించండి, వేలు పెట్టి చూపించడానికి కాగితమే నయం. చెన్నైకి చెందిన తులికా వాళ్లు తెలుగులో కూడా బొమ్మల పుస్తకాలు వేస్తారు, రెండు భాషలు ఒకే పేజీలో ఉండేవి కూడా ఉన్నాయి. సికింద్రాబాద్ నుంచి మంచి పుస్తకం వాళ్లవి తెప్పించుకోవచ్చు. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు విజయవాడ పుస్తక ప్రదర్శన తగిలితే బ్యాగులో కాస్త ఖాళీ ఉంచుకోండి. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలకు చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపులు చాలు.

భయపెట్టేవి, దెయ్యాలవి వద్దు, పోయిన వస్తువుల కథలే ఈ వయసుకు సరి. ఒక పేజీలో ఐదు మాటలకు మించి తడబడితే ఆ పుస్తకం పక్కన పెట్టి ఆర్నెల్ల తర్వాత తీయండి.

ఒక హెచ్చరిక. ఈ ఆటలు అక్షరాలు నేర్పే పాఠానికి బదులు కావు. అది రోజూ పావుగంట విడిగా జరగాల్సిందే, గుణింతం తెలుగుదైనా ఇంగ్లీషు శబ్దాలైనా. అలా కొన్ని నెలలు చేసినా మూడు భాషల్లోనూ అక్షరం నిలవకపోతే, నిన్న చదివిన మాట ఈరోజు కొత్తగా కనపడుతుంటే, ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగుంటే, బద్ధకమని తిట్టకుండా చదవడంలో ప్రత్యేక ఇబ్బంది ఏమైనా ఉందేమో చూపించండి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల విభాగం ఈ పరీక్షలు చేస్తుంది. నిర్ధారణ సాధారణంగా ఎనిమిదేళ్ల ప్రాంతంలో చేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించింది కాబట్టి బడిలో వెసులుబాట్లు అడగొచ్చు. ఒక్క భాషలోనే తడబాటు ఉంటే మాత్రం చాలాసార్లు సాధనే తక్కువై ఉంటుంది.

ఇక మీ పెద్దమ్మాయి. ఆమెను పుస్తకానికి దూరంగా ఉంచితే ఇంకా రెచ్చిపోతుంది. చీటీలు రాసే పని, బొమ్మలు గీసే పని ఆమెకే అప్పగించండి. తమ్ముడు తేలిగ్గా పట్టుకోకూడదు, అలాగని పట్టుకోలేనంత కష్టంగానూ ఉండకూడదని షరతు పెట్టండి. 'గద', 'గద్ద' లాంటి జతలు కొత్తవి వెతకమనండి, ఒత్తులు ఆమెకూ స్థిరపడతాయి. తను రాసిన కేసులో దొంగ పేరు మాత్రం చచ్చినా బయటపెట్టదు.